సన్మానం సాయంత్రం నాలుగింటికి పెట్టించండి

ప్రశ్న: నమస్కారం. మాది హనుమకొండ. తొమ్మిది మందిమి ఢిల్లీ నుంచి ఇంటిదాకా సైకిళ్ల మీద వస్తున్నాం. వెంట సామాన్ల వ్యాన్ ఉంది. ఇవాళ నాగపూర్‌లో విశ్రాంతి. ఇక ఆదిలాబాద్, నిర్మల్, జగిత్యాల, కరీంనగర్ మీదుగా ఇల్లు చేరడమే మిగిలింది. ఆగ్రా, ఝాన్సీ దాకా నవ్వుకుంటూ వచ్చినవాళ్లం, సియోనీ దాటినప్పటి నుంచి ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. మాలో ఇద్దరు తమ్ముళ్లు కరీంనగర్‌లో ఆగకుండా జగిత్యాల నుంచి ఒక్కరోజులో ఇంటికి కొట్టేద్దామంటున్నారు. రిటైరైన లెక్చరర్ ఒకాయన ఉన్నారు, అందరం సార్ అంటాం, అరవై దాటాయి. నాలుగు రోజులుగా మోకాలు నొప్పి. నిన్న "నన్ను వ్యాన్‌లో పడేసి మీరు పోండమ్మా" అన్నారు. రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు. ఇంటి దగ్గరవాళ్లేమో ఆదివారం పొద్దున పదింటికి వేయిస్తంభాల గుడి ముందు సన్మానం పెట్టారు. ఫ్లెక్సీలు కొట్టించారు, డప్పులు మాట్లాడారు. ఉమ్మడి పైసల లెక్క ఇంకా తేలలేదు. నా కుడిచేతి చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారాయి. గ్రూపుకి పెద్దగా నన్నే పెట్టుకున్నారు. ఒకపక్క ఎప్పుడు ఇల్లు చేరతామా అని ఉంది, ఇంకోపక్క చేరితే మళ్లీ అదే బ్యాంకు, అదే వంటిల్లు అని గుండె జారిపోతోంది. ఏం చేయమంటారు? ఇంకో చిన్న సంగతి. మాలో ఇద్దరిది ఖమ్మం. వాళ్ల సైకిళ్లు వరంగల్ నుంచి రైల్లో ఎలా వేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు:

అమ్మా, మీరు అయిదారు సంగతులు రాశారు గానీ నాకు కనిపిస్తున్న ముడి ఒక్కటే. ఆదివారం పొద్దున పదింటి సన్మానం. తమ్ముళ్ల తొందర, సార్ చిన్నబోవడం, మీ దిగులు, అన్నీ ఆ ముహూర్తం చుట్టూనే తిరుగుతున్నాయి. నాగపూర్ దాకా మీరు పొద్దుగూకిన చోట పడుకుని, లేచిన చోటి నుంచి తొక్కారు. ఇప్పుడు ఎవరో ఫ్లెక్సీ మీద టైం వేసేసరికి తొమ్మిది మందీ ఆ టైముకు జవాబుదారీ అయ్యారు. ఈ రాత్రే ఇంటికి ఫోన్ చేసి సన్మానాన్ని సాయంత్రం నాలుగింటికి జరపమనండి. ఫ్లెక్సీ మీద చిన్న కాగితం అతికిస్తే పోయేదానికి మోకాళ్లు అరగదీసుకోవడం ఎందుకు? 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి అది. ఇన్ని వందల ఏళ్లు నిలబడ్డది మీ కోసం ఇంకో ఆరు గంటలు నిలబడుతుంది.

నాలుగే ఎందుకంటే లెక్క చూడండి. కరీంనగర్ నుంచి హనుమకొండ 70 కిలోమీటర్లు, కాస్త అటూఇటూగా. సార్ మోకాలితో గంటకు 14 కంటే ఎక్కువ తొక్కరనుకుందాం. తొక్కడానికే 5 గంటలు. టిఫిన్‌కి ఒకసారి, చాయ్‌కి రెండుసార్లు, ఎవరిదో ఒకరి పంక్చర్‌కి ఒకసారి ఆగుతారు. మానకొండూరులోనో హుజూరాబాద్‌లోనో ఎవరో ఒకరి మేనమామ ఎదురొచ్చి కొబ్బరిబోండాలు కొట్టించకుండా వదలడు. వీటన్నిటికీ ఇంకో 2 గంటలు వేసుకోండి. డిసెంబర్‌లో మనవైపు పొద్దు పొడిచేసరికి ఆరున్నర దాటుతుంది. ఏడింటికి కదిలితే రెండింటికి ఊరు చేరతారు. ముఖం కడుక్కుని, అన్నం తిని, మనుషుల్లా తయారై నాలుగింటికి వెళ్తారు. పదింటికే చేరాలంటే మబ్బుల మూడింటికి సైకిలెక్కాలి, చీకట్లో, మంచులో. ఆ టైముకు ఆ రోడ్డు మీద ఏముంటుందో చెప్తాను, తమ్ముళ్లకు కూడా ఇదే చదివి వినిపించండి.

జగిత్యాల నుంచి హనుమకొండ దాదాపు 120 కిలోమీటర్లు. ఢిల్లీ నుంచి తొక్కుతున్న కాళ్లకు అదేమంత పెద్ద పని కాదు. ఆ మాట వాళ్ల ముందే ఒప్పుకోండి. ఒప్పుకోకుండా "మీ వల్ల కాదు" అన్నారంటే వాదన బలాబలాల మీదికి పోతుంది, అక్కడ మీరు గెలవరు. వాళ్లకు అడ్డం పొద్దు. ఈ నెలలో సాయంత్రం 5:40 ప్రాంతంలో సూర్యుడు దిగిపోతాడు. తొమ్మిది మంది కలిసి పోయేటప్పుడు హుజూరాబాద్ చేరేసరికే వెలుగు అయిపోతుంది. ఎల్కతుర్తి, హసన్‌పర్తి మీదుగా మిగిలినదంతా చీకట్లోనే.

ఆ రోడ్డు మీద ఈ కాలంలో ఉండేవి వడ్లు. వానకాలం పంట కోసేది యంత్రం, వడ్లు పచ్చిపచ్చిగా వస్తాయి. తేమ 17 శాతానికి దిగితే గానీ కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టరు. కల్లాలు అందరికీ ఎక్కడివి? కాబట్టి తారురోడ్డే కల్లం. రైతును తప్పుపట్టేదేం లేదు, పట్టినా వడ్లు ఆరవు. కానీ సైకిల్ మీద పోయేవాళ్లకు తెలిసుండాలి. పగలు రోడ్డులో సగం పసుపుగా కనిపిస్తుంది, తప్పుకుని పోతాం. పొద్దుగూకాక ఆ వడ్లను రోడ్డు అంచున కుప్పపోసి, పైన నల్ల టార్పాలిన్ కప్పి, అది లేచిపోకుండా, లారీలు ఎక్కకుండా చుట్టూ బండరాళ్లు పేరుస్తారు. సైకిల్ లైటుకు వడ్లు కనిపిస్తాయి గానీ నల్ల కవరు కనిపించదు. కవరు పక్కన తలకాయంత రాయి ముందు చక్రం దానికి తగిలాకే తెలుస్తుంది. ఆరబోసిన వడ్ల మీదికి సన్న టైరు ఎక్కితే, సన్నాలైనా దొడ్డువైనా, గోళీల మీద నడిచినట్టే ఉంటుంది. అప్పుడు ముందు బ్రేకు నొక్కితే పడిపోవడం ఖాయం. ఎక్కక తప్పలేదంటే హ్యాండిల్ నిటారుగా పట్టుకుని, తొక్కడం ఆపి, బ్రేకు ముట్టకుండా దొర్లిపోనివ్వాలి.

దానికి తోడు కరీంనగర్–వరంగల్ రోడ్డును నాలుగు వరుసలు చేసే పనికి 2023 జూలైలో శంకుస్థాపన జరిగింది. 68 కిలోమీటర్ల పని. ఎక్కడ మట్టి పోశారు, ఎక్కడ పక్కకు మళ్లించారు అన్నది వారం వారం మారే సంగతి. కరీంనగర్‌లో రాత్రి దిగినచోట ఆ రోజే వరంగల్ నుంచి వచ్చిన డ్రైవర్ ఒకరిని అడిగితే మ్యాపులో లేనివన్నీ చెప్తాడు.

కాబట్టి కరీంనగర్‌లో ఆగాల్సిందే. తమ్ముళ్ల ఉత్సాహాన్ని మాత్రం అణచొద్దు, వేరే దారికి మళ్లించండి. జగిత్యాల నుంచి కరీంనగర్ 50 కిలోమీటర్లే కదా, ఆ పొద్దున వాళ్లిద్దరినీ వాళ్ల వేగంతో వదిలేయండి. కొండగట్టు కమాన్ దగ్గర కలుసుకుంటారో, ముందే పోయి కరీంనగర్‌లో గదులు చూస్తారో వాళ్ల ఇష్టం. పగటి వెలుగులో, సగం రోజులో, దమ్ము తీరా తొక్కుకోనివ్వండి. ఆఖరి రోజు మాత్రం ఒకరు అందరికంటే ముందు, ఒకరు అందరికంటే వెనక. వెనక ఉన్నవాడిని దాటి ఎవరూ మిగిలిపోకూడదు. ఇంతవరకు ఎవరి మాటా వినని కుర్రాడికి ఆ చివరి చోటు ఇచ్చి చూడండి, అందరికంటే జాగ్రత్తగా వాడే ఉంటాడు.

ఇక సార్. "వ్యాన్‌లో పడేసి పోండి" అన్న మాటను ఉన్నదున్నట్టు తీసుకోవద్దు. తర్వాత అన్నం తినలేదని మీరే రాశారు. నన్ను దించేయొద్దని అడగడానికి నోరు రాక అన్న మాట అది. అందరి ముందూ దీని మీద చర్చ పెట్టకండి. రేపు పొద్దున చాయ్ తాగేటప్పుడు పక్కన కూర్చుని, "సార్, హనుమకొండలోకి మీరు సైకిల్ మీదే రావాలి. అంతకుముందు ఎంత తొక్కాలి, ఎంత వ్యాన్‌లో కూర్చోవాలి, మీరే చెప్పండి" అనండి. అంతే. ఏ మేరకు అన్నది ఆయన చేతిలో పెడితే పరువు ఎక్కడికీ పోదు. వ్యాన్ ఎక్కితే టూరు పూర్తయినట్టు కాదని గ్రూపులో ఎవరో ఒకరు నసుగుతారు. అన్నవాళ్లను ఆ పూట సార్ సామాను కూడా కట్టుకుని తొక్కమనండి.

నొప్పి ఎక్కడుందో అడిగారా? మోకాలి చిప్ప దగ్గర, ముందువైపు అయితే చాలాసార్లు సీటు తక్కువ ఎత్తులో ఉండటమో, బరువు గేరులో తొక్కడమో కారణం. వెనకవైపు, పిక్క పైన అయితే సీటు ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు. "ఢిల్లీలో సరిగానే ఉంది కదా" అంటారు. ఢిల్లీలో ఉన్న ఎత్తు ఇప్పుడుందా చూడండి. సీటు రాడ్డు బిగింపు కాస్త వదులైనా గుంతగుంతకూ రవ్వంత దిగుతూ వస్తుంది, ఎక్కి కూర్చున్న మనిషికి తెలియదు. సార్ చెప్పుల్లేకుండా సీటు మీద కూర్చుని, పెడల్ అన్నిటికంటే కిందికి వచ్చినప్పుడు మడమ దాని మీద ఆనిస్తే కాలు చక్కగా చాపుకోవాలి. వంగి ఉంటే సీటు దిగిందన్నమాట. ఒక్కసారే అంగుళం లేపకండి, రోజుకు రెండు మూడు మిల్లీమీటర్లు చాలు. కొత్త ఎత్తు దగ్గర రాడ్డు చుట్టూ ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు వేయండి, మళ్లీ దిగితే కంటికి కనబడుతుంది.

గేరు తేలికది వేసి కాళ్లు గబగబా తిప్పమనండి. సైకిల్ నెమ్మదిగా పోతే పోనీ. ఆదిలాబాద్ చలి సంగతి మీకు తెలుసు, డిసెంబర్ తెల్లవారుజామున 10 డిగ్రీల లోపుకు పడిపోయే రోజులుంటాయి. ఆ చలిలో మోకాళ్లు బయటపెట్టి తొక్కితే మంచి మోకాళ్లే మొరాయిస్తాయి. పాత స్వెట్టర్ చేతులు కత్తిరించి మోకాళ్లకు తొడుక్కుంటే సరిపోతుంది, అందం సంగతి తర్వాత. అక్కడ పొద్దెక్కాకే కదలండి. మాత్ర వేసుకుని నొప్పి తెలియకుండా తొక్కడం మాత్రం వద్దు. చలికాలం దాహం వేయక నీళ్లు తక్కువ తాగుతారు, అలాంటి ఒంట్లో పడిన నొప్పి మాత్రలు అరవై దాటినవాళ్ల కిడ్నీల మీద పడతాయి. మోకాలు వాచినా, వేడిగా ఉన్నా, మెట్లెక్కుతుంటే పట్టేసినా ఆదిలాబాద్‌లోనే డాక్టర్‌కు చూపించండి, డాక్టర్ వద్దంటే వద్దే.

సార్ తొక్కే రోజున ఆయన్ను వరుసలో ఎక్కడ పెడుతున్నారు? వెనకే అయ్యుంటుంది. నెమ్మదిగా పోయేవాళ్లు వెనక ఉండటం చూడటానికి న్యాయంగానే ఉంటుంది గానీ ఏం జరుగుతుందంటే, మిగతావాళ్లు చాయ్ దగ్గర పది నిమిషాలు కూర్చుని లేస్తుండగా ఆయన వచ్చి దిగుతారు. "వచ్చారా సార్, పదండి" అంటారు. రోజంతా ఆయనకు విశ్రాంతే దొరకదు, అందరికంటే ఎక్కువ కావాల్సిన మనిషికే. ఆయన్ను ముందు నుంచి రెండో సైకిల్‌గా పెట్టండి. ముందున్నవాడు గాలి కాస్తాడు, వేగం సార్‌ను బట్టి ఉంటుంది, చాయ్ హోటల్‌కు అందరికంటే ముందు ఆయనే చేరతారు.

దారిలో మీరు గట్టిగా మాట్లాడాల్సిన చోటు నేరడిగొండ దాటాక వచ్చే మహబూబ్ ఘాట్. నిర్మల్ వైపు దిగుడే దిగుడు. ఇన్ని రోజుల తర్వాత దిగుడు కనబడితే ఎవరికైనా కాళ్లు వదిలేయాలనిపిస్తుంది. అప్పటికి బ్రేకు రబ్బర్లు అరిగి ఉంటాయి, మనుషులు అలిసి ఉంటారు, వెనక లారీలు కూడా అదే దిగుడు దిగుతుంటాయి. ఆదిలాబాద్‌లో తొమ్మిది సైకిళ్ల రబ్బర్లూ, డిస్కు బ్రేకులైతే ప్యాడ్లూ చూడండి. రబ్బర్ల మీద గీతలు కనబడకపోతే మార్చేయండి, ఖర్చు ఎంతని. దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉండిపోకుండా నొక్కి వదులుతూ, మలుపులోకి పోయాక కంటే మలుపుకు ముందే వేగం తగ్గించుకుంటూ రావాలి. సైకిల్‌కీ సైకిల్‌కీ మధ్య ఎడం బాగా పెంచండి. మీ ముందు చక్రం ముందువాళ్ల వెనక చక్రానికి ఒరుసుకుంటే పడేది మీరే, వాళ్లు కారు. అలిసిన గ్రూపుల్లో జరిగే ప్రమాదాల్లో నేను ఎక్కువగా చూసింది ఇదే.

చైన్ల గురించి ఎవరైనా హడావుడి చేస్తే వినొద్దు. కొత్త చైనులో పిన్ను నుంచి పిన్నుకు 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు ఉంటాయి. మీవి ఈపాటికి సాగి ఉండొచ్చు. అయినా ఇప్పుడు మార్చకండి. అరిగిన పాత గేరు పళ్ల మీద కొత్త చైను వేస్తే ఎక్కుడులో బలంగా తొక్కినప్పుడల్లా జారుతుంది. తుడిచి, నూనె వేసి, ఇంటికి తెచ్చాక చైనూ పళ్లూ కలిపి మార్పించుకోండి.

నిర్మల్ దాటి, సోన్ దగ్గర గోదావరి దాటి, ఆర్మూర్ దగ్గర ఎడమకు తిరిగి, మెట్‌పల్లి, కోరుట్ల మీదుగా జగిత్యాల పోయే దారి మీరు ఎలాగూ ఎంచుకునే ఉంటారు. ఒక్కరోజులో అది సార్‌కు ఎక్కువే. మెట్‌పల్లిలో పడుకుంటే నష్టం లేదు. శనివారం మధ్యాహ్నానికి కరీంనగర్‌లో ఉంటే చాలు. అందుకు తగ్గట్టు వెనక నుంచి లెక్క వేసుకుని, రోజులు చాలకపోతే ఏ ముక్క అందరూ వ్యాన్‌లో దాటాలో నాగపూర్‌లోనే తేల్చుకోండి. అదీ కుదరదంటే సన్మానం సోమవారానికి పోతుంది, అంతే.

మీ వేళ్ల సంగతి. చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారడం దూరం తొక్కేవాళ్లకు మామూలే. అరచేయి అంచు కింద నుంచి పోయే నరం హ్యాండిల్ ఒత్తిడికి నలుగుతుంది. పది నిమిషాలకోసారి చేతులు పట్టుకునే చోటు మార్చండి, మోచేతులు కాస్త వంచి ఉంచండి, ఒంటి బరువంతా చేతుల మీద వేయకండి. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే మనిషి ముందుకు జారి ఆ బరువు చేతుల మీదే పడుతుంది, అది సమంగా ఉందో లేదో చూడండి. తొక్కడం ఆపాక కూడా కొన్నాళ్లు ఉంటుంది, భయపడకండి. కానీ పట్టు తగ్గినా, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమైనా, రెండు మూడు వారాల్లో తగ్గకపోయినా నరాల డాక్టర్‌ను కలవండి.

మరి ముఖాలు చూసుకోకపోవడం? అంటార్కిటికాలో చలికాలమంతా ఒకే కప్పు కింద గడిపే బృందాల గురించి 1991లో ఇద్దరు పరిశోధకులు ఒక మాటన్నారు. సగం దాటాక, మూడో పావులో మనుషులు చిరాకు పడతారని. తర్వాత చేసిన పరిశీలనల్లో అది అన్నిచోట్లా తేలలేదు. మీ సియోనీ మాత్రం సరిగ్గా సగం దాటాక వచ్చే ఊరే. నన్నడిగితే మీ లొల్లిలో సగం పైసలది. పైసల మాట ఎవరూ బయటికి అనరు, దాని బదులు "నువ్వు మెల్లగా తొక్కుతున్నావ్", "నీ బట్టలు నా బ్యాగు మీద పెట్టావ్" అంటారు.

అందుకే శనివారం మధ్యాహ్నం కరీంనగర్‌లో ఆ లెక్క తేల్చేయండి. ఫోన్‌లో యాప్ ఉన్నా సరే, ఒక కాగితం మీద రాసి పైకి చదవండి. ఎవరు ఎంత పెట్టారు, ఎవరికి ఎంత రావాలి. అందరూ విన్నాక అక్కడికక్కడే ఇచ్చిపుచ్చుకోవడం. వంద రూపాయల లోపు తేడాలు వదిలేద్దామని మీరే అనండి. ఇంటికి పోయాక చూసుకుందాం అన్న లెక్క ఉగాది దాకా సాగుతుంది, ఆ తర్వాత ఫోన్లు ఎత్తడం మానేస్తారు. అన్నిటికంటే ముందు వ్యాన్ డ్రైవర్ బత్తా తీసి పక్కన పెట్టండి. ఇంటివాళ్లకు ఫోన్ చేసినప్పుడు శాలువాలు తొమ్మిది కాదు, పది తెప్పించమని కూడా చెప్పండి. రోజూ మీకంటే ముందు లేచి మీ తర్వాత పడుకున్న మనిషి ఆయన. వేదిక మీద ఆయన పేరు మరిచిపోతే మిగతా తొమ్మిది శాలువాలకూ అందం ఉండదు. లెక్క తేలాక పొద్దు మిగిలితే మానేరు డ్యాం కట్ట మీదికి పోయి కూర్చోండి, ఎవరితో ఎవరు మాట్లాడాలో అక్కడ వాళ్లే చూసుకుంటారు.

సన్మానం చేసేవాళ్లకు ఇంకో రెండు మాటలు చెప్పాలి. మోటారు సైకిళ్ల ర్యాలీతో హసన్‌పర్తి దాకా ఎదురు రావొద్దని గట్టిగా చెప్పండి. ప్రేమ కొద్దీ పక్కపక్కనే బండి నడుపుతూ, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని వీడియో తీస్తూ, "అన్నా ఇటు చూడు" అని అరుస్తారు. మీరు చెయ్యెత్తి ఊపుతారు. భీమారం నుంచి కేయూ క్రాస్ రోడ్డు, నయీంనగర్ దాకా ఆదివారం పూట ఆ ట్రాఫిక్‌లో ఒంటి చేత్తో సైకిల్ నడపడం నాకు తలచుకుంటేనే భయం. ఢిల్లీ నుంచి గీత పడకుండా వచ్చి నయీంనగర్‌లో బొక్కబోర్లా పడితే ఆ వీడియోనే ఊరంతా తిరుగుతుంది. ఎదురు రావాలనుకున్నవాళ్లు సైకిళ్ల మీద రమ్మనండి, వెనక కలవమనండి. ఇక గుడి ముందు రోడ్డు ఎంత రద్దీయో మీకు నేను చెప్పక్కర్లేదు. అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, అక్కడ మైకులూ డప్పులూ అంత తేలిగ్గా కుదిరే పని కాదు. మైకు, శాలువాలు, ఉపన్యాసాలు జేఎన్ స్టేడియం దగ్గరో ఇంకో ఖాళీ జాగాలోనో పెట్టించి, గుడికి మీరు తొమ్మిది మందీ డ్రైవర్‌తో కలిసి నెమ్మదిగా పోయి రండి.

ఇల్లు చేరాలని, చేరొద్దని. రెండూ నిజమే, ఒకదానితో ఇంకోదాన్ని కొట్టేయక్కర్లేదు. కానీ "అదే బ్యాంకు, అదే వంటిల్లు" అన్న మాట దగ్గర కాసేపు ఆగాను. టూరు అయిపోతుందన్న దిగులు వారం పది రోజుల్లో పోతుంది. వంటిల్లు మీ ఒక్కరిదే అన్న దిగులు పోదు, అది మీరు ఢిల్లీ రైలెక్కక ముందు నుంచీ ఉన్నదే. ఈ మూడు వారాలు ఇంట్లో అన్నం ఎవరో వండారు కదా? పిల్లల టిఫిన్ డబ్బాలు ఎవరో కట్టారు కదా? చేసినవాళ్లకు చేతనైందన్నమాట. వంతులు మళ్లీ మొదటికి రాకముందే, ఇంకా రోడ్డు మీద ఉండగానే ఫోన్‌లో మాట్లాడండి. వారానికి రెండు పూటల వంట వాళ్లది, ఆదివారం పొద్దున సైకిల్ మీది. ఇంత స్పష్టంగా అడగండి. వచ్చిన రోజు సాయంత్రం అలసటలో, చుట్టాల మధ్య ఈ మాట ఎత్తితే అది మాట కాకుండా పోట్లాట అవుతుంది.

సోమవారం బ్యాంకుకు పోకండి. ఒక్కరోజైనా సెలవు పొడిగించుకోండి. ఒళ్లు ఒక్కసారిగా ఆపేస్తే కాళ్లు పట్టేస్తాయి, ఆకలి మాత్రం పాత లెక్కనే ఉంటుంది. రెండో రోజు నుంచి భద్రకాళి చెరువు చుట్టుపక్కల ఓ అరగంట, ముప్పావుగంట తేలికగా తొక్కండి. తొమ్మిది మందీ మళ్లీ కలిసే తేదీ ఒకటి కరీంనగర్‌లోనే అనుకోండి. సార్ మోకాలు కుదుటపడితే ఐనవోలు మల్లన్న దాకా పోయిరావచ్చు, సంక్రాంతి జాతర జనం లేనప్పుడు. కాళ్లు బాగా ఉన్నవాళ్లకు పాకాల చెరువు ఉంది.

ఖమ్మం సైకిళ్ల సంగతి. వరంగల్, కాజీపేట రెండు చోట్లా పార్సిల్ ఆఫీసులుంటాయి. ఆదివారం రాత్రి బండికే వేయాలని పట్టుపట్టకుండా ముందే ఫోన్ చేసి ఏ రైలుకు బుక్ చేస్తారో అడగండి. మధ్య స్టేషన్‌లో రైలు ఆగేది కొద్ది నిమిషాలే, బ్రేక్ వ్యాన్‌లో చోటు లేకపోతే సైకిల్ తర్వాతి బండికి వస్తుంది, దానికి సిద్ధపడే ఉండాలి. సైకిల్ మీద పేరు, ఫోన్ నెంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది అట్టముక్క మీద రాసి రెండు చోట్ల కట్టాలి. లైటు, పంపు, బాటిళ్లు, చిన్న సంచులు విప్పి చేత్తో తీసుకెళ్లమనండి. వెనక చక్రం దగ్గరి గేరు భాగం వంగకుండా దాని చుట్టూ అట్ట చుట్టి తాడు కట్టండి. హ్యాండిల్ తిప్పి పక్కకు బిగించి, పెడల్లు విప్పేయాలి. ఈ పెడల్ల దగ్గరే చాలామంది మర పాడుచేస్తారు. కుడి పెడల్ మామూలు మర, ఎడమ పెడల్ ఎదురు మర. గుర్తుండకపోతే పానాను పెడల్‌కు తగిలించి నిటారుగా పైకి నిలబెట్టి, ఏ వైపు పెడల్ అయినా సరే, పానా పై కొసను సైకిల్ వెనక చక్రం వైపు లాగమనండి, ఊడుతుంది.